కంగారూ సంచిలో చలికాలం

భానుచందర్ కోతలు కోస్తాడని అమీర్‌పేటలో ఆ సందు సందంతటికీ తెలుసు. మమతకూ తెలుసు. అయినా ఆ ముసురు సాయంత్రం తండ్రి ధర్మయ్యను వెంటబెట్టుకుని నర్సింహులు చాయ్ బండి దగ్గరికి వచ్చింది. ఆయన ఒకే మాట మీద కూర్చున్నాడు మరి.

"ఆస్ట్రేలియాల సదివొచ్చినోడు మనకు ఎరుకైనోడు గా పిలగాడొక్కడే. ఆయన నోట ఇన్నంక చెప్త, నిన్ను పంపుడో వద్దో."

ధర్మయ్య యూసుఫ్‌గూడలో దర్జీ. ఒకసారి కాదన్నాడంటే మళ్లీ అడగనివ్వడు. మెల్‌బోర్న్‌లో ఒక కాలేజీ మమతకు సీటిచ్చింది. వస్తుందో రాదో తెల్లారేసరికి వాళ్లకు చెప్పాలి.

జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డుల కింద కట్టిన ప్లాస్టిక్ పట్టా మీద వాన చప్పుడవుతోంది. భానుచందర్ బల్ల మీద కాలు మీద కాలేసుకుని, చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఆస్ట్రేలియా సంగతులు చెప్పమని ధర్మయ్య అడగ్గానే గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద ముచ్చటేం కాదు కాకా. పోయిన కొత్తల ఒకరోజు కాలేజీకి పోతున్న. తొవ్వకు అడ్డంగా కంగారూ నిలబడ్డది, నా అంత ఎత్తు. తెల్లోళ్లందరు ఆడికాడనే ఆగిపోయిండ్రు. నేనేం జేసిన? మా అవ్వ బర్రెను అదిలించినట్టు 'హై హై' అన్న. తలకాయ వంచుకొని పక్కకు జరిగింది."

"ఓస్, అంతేనా?" అన్నాడు పక్కనున్న కేదార్. టెస్టింగ్ కోర్సు కోసం భీమవరం నుంచి వచ్చిన కుర్రాడు. "మా ఊళ్లో గేదెలు అదిలించకుండానే జరుగుతాయి గురూ."

"జర ఆగు భాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి అదే కంగారూ హాస్టల్ తలుపు కొట్టింది. నా పుస్తకాల సంచి గుంజుకొని దాని కడుపు సంచిల ఏసుకుంది. ఇగ రోజూ అది మోసుడు, నేను చేతులూపుకుంట నడుసుడు."

"బస్సు పాస్ పైసలు మిగిలినట్టే," అన్నాడు నర్సింహులు చాయ్ వడగడుతూ. అందరూ నవ్వారు. ధర్మయ్య కూడా నవ్వాడు. మమతకు ఆశ కలిగింది. నవ్వుతున్నాడంటే నాన్న మనసు మెత్తబడుతున్నట్టే.

"తిండికి బాధ లేకుండెనా బిడ్డా?" ధర్మయ్య అడిగాడు.

"తిండా! ఈము అని ఒక పక్షి ఉంటది కాకా. దాని గుడ్డు పలగ్గొట్టనీకి క్రికెట్ బ్యాటు కావాలె. ఒక్క గుడ్డు కొట్టి, మన ఎల్లిపాయ కారం ఏసి ఆమ్లెట్ ఏసిన, హాస్టలంతా తిన్నంక సుత మిగిలింది. ఆ వాసనకు ప్రొఫెసర్ సాబ్ క్లాసు ఆపేసి ఉరికొచ్చిండు. క్రిస్మస్‌కు మా ఇంట్ల నువ్వే వండాలె అని చేతులు పట్టుకున్నడు. ఆళ్ల ఆచారం ఏందంటే, పండుగనాడు ఇంటిల్లిపాది తలకు కాయితం కిరీటాలు పెట్టుకొని తింటరు. నాకు సుత ఒకటి పెట్టిండ్రు. సీమకోడిని ఉప్పూకారం లేకుండ కాల్చి పెట్టుకుంటే, నేను దాన్ని బగారన్నంల దమ్ముకేసిన. తిని, ప్రొఫెసర్ తన కిరీటం తీసి నా కిరీటం మీద పెట్టిండు."

"రెండు కిరీటాలూ పెట్టుకునే తిరిగొచ్చావా?" అన్నాడు కేదార్.

"ఒస్తుంటెనే అసలు కత! పొద్దుమీకినంక మంచు మొదలైంది. మోకాళ్ల దాక, తర్వాత నడుం దాక. బస్సులు బంద్. నా చేతి ఏళ్లు నాకు తెలుస్తలేవు. ఇగ అయిపాయె అనుకున్న. గప్పుడు ఎవరొచ్చిండ్రో తెలుసా? కంగారూ! నన్ను ఎత్తి సంచిల ఏసుకుంది. లోపల ఏముంది కాకా, కుంపటి లెక్క! దాని పిల్ల నాకు జాగ ఇయ్యనంటే తినుమని సకినం చేతిల పెట్టిన, గమ్మునున్నది. తొవ్వల నది అడ్డమొచ్చింది. నది నిండ మొసళ్లే. కంగారూ ఒక్కొక్క దాని నెత్తి మీద కాలు పెట్టుకుంట, ఎర్రగడ్డ నుంచి పంజాగుట్టంత దూరం..."

"మొసళ్లకు చలి పెట్టలేదా?" ఎవరో అరిచారు. మళ్లీ నవ్వులు.

ధర్మయ్య నవ్వలేదు. మొసళ్ల సంగతి ఆయన చెవిన పడనేలేదు.

"నడుం లోతు మంచా?" అన్నాడు మెల్లగా.

మమతకు అర్థమైంది. చిన్నతనంలో తనకు ఆయాసం. చలికాలమంతా నాన్న తనను ఛాతీకి ఆనించుకుని కుట్టుమిషను ముందు కూర్చునేవాడు. పడుకోబెడితే ఊపిరాడేది కాదు.

"నాన్నా, మంచు లేదు ఏం లేదు," అంది గబగబా. "డిసెంబర్ల ఆడ ఎండలు. మనకు చలికాలమైతే ఆళ్లకు ఎండాకాలం. భాను అన్న ఉత్తగ కోస్తుండు."

బండి చుట్టూ గొల్లుమన్నారు. "దొరికాడు! భాను భాయ్ ఎండల్లో మంచు కురిపించాడు!" అంటూ కేదార్ బల్ల చరిచాడు. ఇంకో కోత కోసి తప్పించుకుంటాడని అందరూ భానుచందర్ వైపు చూశారు.

అతను చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

"ఎండలే ఉండె కావచ్చు చెల్లె," అన్నాడు. "నాకైతే చలే యాదికున్నది."

"ఎక్కడున్నావేంటి నువ్వు?" కేదార్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మాంసం దాచే గోదాంల. ఐస్ డబ్బా లెక్క ఉంటది లోపల. ఫీజు పైసలకు రాత్రంత డ్యూటీ. పగలు రూంల కిటికీకి దుప్పటి కట్టి పండుకునుడు. కాలేజీ టైంకు లేస్తనే అనుకునేటోణ్ని, కండ్లు తెరుసుకునేటియి కావు. ఆఖరుకు కాలేజోళ్లు పేరు కొట్టేసిండ్రు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కంగారూలను చూసుడు మాత్రం నిజం. తోలు తీసి, వరుసగా కొక్కేలకు తగిలించి ఉండేటియి."

నర్సింహులు స్టవ్ మంట తగ్గించాడు. కేదార్ బల్ల మీది నుంచి చెయ్యి తీసేసుకున్నాడు.

ధర్మయ్య లేచాడు. భానుచందర్ భుజం మీద చెయ్యి వేశాడు. గొడుగు విప్పి మమత కోసం నిలబడ్డాడు.

"నాన్నా, నేను పోయేది సదువుకోనీకి. గసొంటి పనికి కాదు."

"గా పిలగాడు సుత సదువుకుందామనే పోయిండు బిడ్డా."

మమత గొడుగు కిందికి రాలేదు. వెనక్కి తిరిగి భానుచందర్ వైపు చూసింది. తన తరఫున ఇప్పుడొక్క అబద్ధమైనా చెప్పకపోతాడా అని వానలో తడుస్తూ నిలబడింది. అతను తల ఎత్తలేదు.