రాళ్లు ఏరిన చెవి

“నీ పరిశోధనలో అబద్ధముంది,” అన్నాడు ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి, ఇంజనీరింగ్‌లో పరిశోధన చేసే కూతురు తన వ్యాసాన్ని తెలుగులో చెప్పి వినిపించగానే.

“యాడ నాయనా? సుత్తి మోత విని రాతి లోపలి పగులు చెప్తావని రాసినా. నువ్వు ఏరిన రాళ్ల మోతలతో ఆ విద్య యంత్రానికి నేర్పినామని రాసినా.”

“ఆ చెవి నాది గాదు, మీయమ్మది. రాళ్లన్నీ ఏరింది ఆమే. నా పేరు కొట్టేసి ఆమె పేరు పెట్టు.”

“ఇన్నేండ్లూ నీదేనంటివే!”

“ఆడమనిషి ఏరిన రాయంటే విగ్రహం ఎవురు కొంటారు?”

కూతురు నవ్వి, అతని పేరు కొట్టేసి ‘కాళికాంబ’ అని దిద్దింది. పోయి రెండేళ్లయిన భార్య పేరును అతడు వేలితో తడిమాడు.

“అమ్మ ఉన్నప్పుడు ఒక్కసారన్నా ఆమెకు చెప్పినావా, ‘నీ చెవే గొప్పది’ అని?”

అతడు ముందున్న రాయిని సుత్తితో కొట్టి విన్నాడు. ఏమీ తెలియలేదు.

“లేదు తల్లీ. ఇంగ ఈ మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తొద్దు.”