ఏటి గట్టున మోగిన తిత్తి

రోడోపి కొండల్లోని ఊరు. మధ్యాహ్నం ఆట ముగిసి జనం వెళ్లిపోయారు. హాల్లో ఇద్దరే మిగిలారు: మేకతోలు తిత్తి వాయించే మిన్యో, ఆ వాయిద్యంతో సినిమా తీసిన అతని కూతురు జీవ్కా.

“ముద్దులు తీసెయ్.”

“సినిమా ఎలా ఉందని అడిగాను నాన్నా.”

“చెప్పానుగా. ముద్దులు తీసెయ్.”

“అంతేనా? రాళ్లయిపోయిన గొర్రెలకాపర్లు నీ తిత్తి మోతకి కళ్లు తెరిచినప్పుడు ముసలమ్మలంతా గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. చూశావా?”

“చూశాను. ఆ వెంటనే నీ హీరో తిత్తి పక్కన పడేసి ఏటి గట్టుకి పోయాడు. మోత ఆగితే వాళ్లు మళ్లీ రాళ్లవుతారని నువ్వే అన్నావు. నడుం దాకా రాయైపోయి వాళ్లు నిలబడుంటే వీడికి సరసమా? పాదిరి గురకపెట్టాడు.”

“ఆయన పెళ్లిళ్లలోనూ గురకపెడతాడు.”

“తీసెయ్.”

“ఆ సీను పదకొండు నిమిషాలు నాన్నా! రేపు పొద్దున్నే సినిమా సోఫియా నగరానికి పంపాలి. ఇప్పుడెలా—”

“అయితే నా వాయిద్యం తీసెయ్. మొత్తం.”

“నీ తిత్తి లేకపోతే సినిమాయే లేదు.”

“తెలుసు.”

“బెదిరిస్తున్నావా?”

“చెబుతున్నాను.”

“ప్రేమకథ లేకపోతే జనం—”

“జనం సంగతి వదిలెయ్. గట్టు సీన్లో మోగింది నా తిత్తి కాదు.”

“నీదే. పాత రికార్డింగు.”

“అమ్మాయ్. నలభై ఏళ్లు వాయించాను. నా చిటికెన వేలు అలా వణకదు. ఆ తోలు నాది కాదు, ఆ ఊపిరీ నాది కాదు.”

“సౌండు వాళ్లు ఎక్కడో పట్టుకొచ్చారు.”

“ఎక్కడో?”

“కాఫీ తాగుదాం పద.”

“ఎక్కడ దొరికింది?”

“అమ్మ పెట్టెలో. చాలా? అమ్మ పోయాక బట్టలు సర్దుతుంటే ఉన్ని మేజోళ్ల కింద క్యాసెట్టు దొరికింది.”

“వాయించింది ఎవరు?”

“నాన్నా, వద్దు.”

“ఎవరు?”

“కొండ అవతలి గాంచో. అమ్మే చెప్పింది, ఆసుపత్రిలో. నిన్ను చేసుకోకముందు ఏటి గట్టున కలిసేవాళ్లట. తాతయ్య ఒప్పుకోలేదు. నీకు చెప్పొద్దంది.”

“అందుకని హాలు నిండా జనానికి చెప్పావు.”

“పేర్లు లేవు, ఊరు లేదు. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసింది.”

“తెలియనీ! ఆవిడ బతుకులో ఆ ఒక్కటే ఉంది నాన్నా. నువ్వు ఆవిడతో ఏనాడన్నా ఒక మంచి మాట అన్నావా? ఆఖరి నెలలో మంచం పక్కన కూర్చున్నావా? గొర్రెలన్నావు, గడ్డి అన్నావు. రెండు రోజులు అసలు కనపడనే లేదు.”

“మూడు.”

“ఏంటి?”

“మూడు రోజులు. అప్పుడు మంచు పడుతోంది.”

“లెక్క మాత్రం బాగా చెబుతావు! ముప్పై ఏళ్లు ఆ క్యాసెట్టు నీ కంట పడకుండా దాచుకుంది పిచ్చితల్లి. ఆ సీను తీసెయ్యను. నీ వాయిద్యం పోతే పోనీ. సినిమా చచ్చినా తీసెయ్యను.”

“దగ్గు ఏం చేశావు?”

“ఏ దగ్గు?”

“పాట అయ్యాక దగ్గు ఉండాలి. సినిమాలో లేదు.”

“అది గాంచో దగ్గేమో. బాలేదని శుభ్రం చేయించాను... ఆగు. దగ్గుందని నీకెలా తెలుసు? ఆ క్యాసెట్టు ఎప్పుడు విన్నావు?”

“వినలేదు. వాడి తిత్తి ఒక్కసారి వినాలనుందని ఆ ఆఖరి నెలలో మీ అమ్మే నన్నడిగింది. మంచులో కొండ దాటి పోయి, రికార్డరు పట్టుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను. వాడు తిత్తి కిందపెట్టేదాకా ఆపుకున్నాను. ఆ దగ్గు నాది.”