మరగబెట్టిన ట్యూబ్

తిను శ్రీవిద్యా, ఐస్‌క్రీమ్ కరిగిపోతాంది. నాంపల్లిల మన ల్యాబ్ కాడికెళ్ళి మొజంజాహీ మార్కెట్ దాక నడిసొచ్చింది దీనికోసమే గదా. ఫికర్ జెయ్యకు, గీడ లొల్లి వెట్ట. నువ్వు మొన్న అందరి ముందల నా ఇజ్జత్ తీసినట్టు నేను తియ్య.

ఏంది, నువ్వు తియ్యలేదా? మరి మీటింగ్‌ల మన గైడ్ రాధాకృష్ణమూర్తి సార్, "నవతా, నీ ప్రొటీన్‌ని ఎప్పుడైనా మరగబెట్టి చూశావా?" అని ఎందుకడిగిండు? గా ముచ్చట ఆయనకు కలలకొచ్చిందా?

నాలుగేండ్లు, శ్రీవిద్యా. రక్తంలకెళ్ళి ప్లేట్‌లెట్లు వేరు జేసి, వాటిల్లకెళ్ళి గా ఒక్క ప్రొటీన్‌ను శుద్ధి జేసుడంటే ఎంత గోసనో నీకు జెప్పాల్నా? బయట రక్తం దొరకనినాడు నువ్వే చెయ్యి చాపుతుంటివి. ప్లేట్‌లెట్లు ఖరాబైతయని తలకాయ నొచ్చినా గోలి మింగకపోతుంటివి. "నీ థీసిస్‌ల సగం నా నెత్తురేనే" అని నవ్వుతుంటివి.

ఆ ప్రొటీన్ జర్రంత ఏస్తే చాలు, తెల్ల కణాలు జబ్బు మీదికి కొట్లాటకు వోయినట్టు లేస్తుండె. ఎంత మురిసిపోయిన. ఊర్ల మా అమ్మకు ఫోన్ జేసి చెప్పిన. ఆమెకు సమజ్ గాలె, అయినా నాతోని నవ్వింది.

నువ్వేమో పోయిన ఆదివారం ఒక్కదానివే ల్యాబ్‌కు వచ్చి నా ప్రొటీన్ ట్యూబ్ మరగబెట్టినవ్. నువ్వొచ్చిన సంగతి వాచ్‌మన్ అంజయ్య చెప్పిండు, బుకాయించకు. మరగబెడితే గుడ్డు ఉడికినట్టు ప్రొటీన్ ఉడికిపోవాలె, కణాలు సప్పుడు జెయ్యకుండ ఉండాలె. అయినా, అది ఏస్తే మళ్ళ గట్లనే లేచినయ్. అంటే వాటిని లేపింది నా ప్రొటీన్ కాదు, నీళ్ళ ఫిల్టర్‌కెళ్ళి వచ్చిన బాక్టీరియా మురికి. అది ఎంత మరగబెట్టినా పోదు.

తప్పని అంటలేను. నేను సుత మరగబెట్టి చూసిన. నువ్వన్నదే కరెక్ట్.

సార్‌కు నా మీద అబద్ధం జెప్పినా మంచిగుంటుండె. నాలుగు తిట్టి, మళ్ళ కలిసిపోదుము. నిజం తీస్కపోయి సార్‌కు జెప్పినవ్. నా కుర్సీ నీ పక్కకే ఉంటది గదా. అటు మళ్ళి ఒక్క మాట జెప్పనీకి నీకేమైంది?

గట్ల తలకాయ వంచుకోకు. ఏడుస్తే నేను ఓదారుస్త అనుకోకు, నాకు చేతగాదు.

సరే, నేనే చెప్తా. ముందుగాల నాకు జెప్తే, సార్‌కు చెప్పకని నీ కాళ్ళు వట్టుకుంటుంటి. థీసిస్ ఇచ్చేదాక నోరిప్పొద్దని ఒట్టు వేయించుకుంటుంటి. నా మొఖం జూసి నువ్వు సుత ఔనంటుంటివి. గందుకే నాకు జెప్పలే.

నన్ను గంత మంచిగ ఎరిగినవ్. గందుకే నీ మొఖం సూడబుద్ధి అయితలేదు.