బీట్‌రూట్ వద్దన్న మనిషి

టాస్మేనియా తీరాన ఒక వంటింట్లో భర్త గిన్నెలు తోముతున్నాడు. వెనక బల్ల దగ్గర, కాలంలో వెనక్కి వెళ్ళే కథ రాస్తున్న భార్య పెన్ను విసిరికొట్టింది.

"మళ్ళీ ఏమొచ్చింది?"

"నా కథలో అమ్మాయి వెనక్కి వెళ్ళి, తమ్ముణ్ణి ఆ రోజు సముద్రం మీదికి పోకుండా ఆపేసింది. వాడు బతికాడు."

"మంచిదేగా!"

"ఏం మంచిది, నా మొహం! వాడు మునగకపోతే వెతకడానికి పడవలేసుకుని ఎవరొస్తారు? వచ్చినవాళ్ళకి ఈమె శాండ్‌విచ్‌లెందుకు పంచుతుంది? బీట్‌రూట్ వద్దని పేచీ పెట్టినవాడు ఈమెకి మొగుడెలా అవుతాడు? ఒకటి సర్దితే ఇంకోటి ఊడిపోతోంది."

"నేను పేచీ పెట్టలేదు. మర్యాదగానే అడిగాను."

"పెట్టావులే."

"పోనీ, వాళ్ళిద్దరూ ఇంకెక్కడైనా కలిశారని రాసెయ్."

"ఎక్కడ? అతనిది అవతలి తీరం. అన్ని దారులూ రాసి చూశాను, కలవట్లేదు. అందుకే ప్రతిసారీ తమ్ముణ్ణి మళ్ళీ నీళ్ళలోకి తోసేస్తున్నాను. ఇంక నావల్ల కాదు."

ఇన్నేళ్ళుగా ఆ కథ ఎందుకు తెమలడం లేదో ఆయనకిప్పుడు తెలిసింది. చేతిలో గిన్నె మెల్లగా కింద పెట్టాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఈసారి మీ తమ్ముణ్ణి, లాచీని బతకనియ్యి."

"మరి నువ్వు?"

"నాకేం? మా ఊళ్ళోనే కూర్చుని, బీట్‌రూట్ లేని శాండ్‌విచ్ తింటుంటాలే."