రిజిస్టర్లో లేని పేరు

ఊరంతా చేన్లలో ఉండే మిట్టమధ్యాహ్నం వేళ చూసుకుని, గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు ముత్తన్న తన సొంత అక్క హన్మవ్వ ఇంటికి వచ్చాడు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని ఏడు వారాల కింద డప్పు కొట్టించిన పెద్దమనిషి ఆయనే. ఇప్పుడు చంకలో కాగితాలు పెట్టుకుని, వెనక్కీ ముందుకీ చూసుకుంటూ మాట్లాడుతున్నాడు.

“గందుకే అంటున్న, జర తలుపన్న దగ్గరికెయ్యే అక్కా. ఎవలన్న సూస్తరు.”

“సూడనియ్యి. నా ఇంట్ల నేనున్న, తలుపెందుకేస్త? దొంగతనంగ వచ్చినోనివి నువ్వు.”

“దొంగతనమేంది? మా అక్క ఇంటికి నేనొచ్చిన.”

“ఏ అక్క? హన్మవ్వతోని మాట్లాడినా, హన్మవ్వ ముచ్చట దీసినా ఐదు వేల జుర్మానా అని లింబయ్యతోని చాటింపు ఏయిచ్చినవ్ గదా. వాడు సక్కగ నా వాకిట్ల నిలవడి మూడుసార్లు కొట్టిండు. నీకు జుర్మానా లేదా?”

“అది నా ఒక్కని మాట గాదు. కమిటీల కులానికొకడున్నడు. అందరు కూసుండి తీర్మానం జేసిండ్రు.”

“కింద దస్కతు ఎవనిది?”

“నాదే. పెసిడెంటు దస్కతు ఉంటది గదనే.”

“ఆఁ. అయితె పోయి నీ జుర్మానా నువ్వే కట్టుకో.”

“నీ ఎటకారం తర్వాత. ముందుగాల ఈ కాయితం మీద ఏలుముద్ర ఎయ్యి. నిజామాబాద్ల మధుకర్ వకీల్ సాబ్ ఎదురు సూస్తున్నడు. రేపు కోర్టుల ఎయ్యాలె.”

“ఏం కాయితమది?”

“అణు ప్లాంటు మాకొద్దని కేసు.”

“మీరెయ్యుండ్రి. నాలుగొందల మందున్నరు గదా.”

“మాయి నడుస్తలెవ్వు.”

“ఎందుకు నడుస్తలెవ్వు?”

“అదొక లొల్లి.”

“ఏం లొల్లి?”

“ఇప్పుడదంత ఎందుకే—”

“జెప్పు. జెప్పకపోతె నేను ఆ కాయితం ముట్టను.”

“ఆనాడు రోడ్డు కాడ టెంటేసి మీటింగు వెట్టిండ్రు గదా, ప్లాంటు గురించి ప్రజలేమంటరో అడుగుతమని. టెంటు మొగదలనే ఒక రిజిస్టర్ వెట్టిండ్రు. హాజరు అన్నరు. మన కమిటీ మీటింగుల హాజరు ఎయ్యమా, గట్లనే అనుకోని మనోళ్ళందరు ఏసిండ్రు.”

“మనోళ్ళు ఊకెనే ఏసిండ్రా? ఎవలన్న ఏయిమన్నరా?”

“ఎవలేంది...”

“టెంటుకు రాని ఇంటికి రెండు వేల జుర్మానా అని ఎవలన్నరు? వచ్చినట్టు నాకు తెల్వాలంటె రిజిస్టర్ల దస్కతు కనవడాలె అని ఎవలన్నరు?”

“మంచికే అన్న. ఊరంత ఒక్క మాట మీదుండాల్నని అన్న. ఉన్నరు గూడ. అందరం లేసి వద్దు వద్దని గొంతు వోయేదాంక ఒర్లినం. సార్లు మాట్లాడుడు బందు వెట్టి సూసుకుంట కూసున్నరు.”

“ఒర్లింది రాసుకున్నరా?”

“రాసుకోలె.”

“మరి ఏం దీస్కపోయిండ్రు?”

“రిజిస్టర్.”

“అంతేనా?”

“అంతే. ఇప్పుడు దాన్నే ఫైల్ల వెట్టిండ్రు. ఊరంత వచ్చింది, ఇన్నది, దస్కతులు వెట్టింది, ఎవలకు ఇబ్బంది లేదు అని. వకీల్ సాబ్ అది సూసి తలకాయ వట్టుకున్నడు. భూమి పోయేటోళ్ళ లిస్టుల పేరుండి, ఆ రిజిస్టర్ల పేరు లేని మనిషి ఒక్కలన్న ఉన్నరా అని అడిగిండు. మన కమిటీ లెక్కలు రాసే ఆత్మారాం రెండు లిస్టులు పక్కపక్కన వెట్టి పొద్దంత సూసిండు. నువ్వొక్కదానివే ఉన్నవ్.”

“అంటె రాలేదని, జుర్మానా కట్టలేదని నన్ను వెలేసిండ్రు.”

“అవునక్కా.”

“ఇప్పుడు రాకపోవుడే మంచిదైంది.”

“గట్లనే అనుకో.”

“నేనేం అనుకోను. నువ్వు అను. నోరు దెరిసి అను.”

“రాకపోవుడే మంచిదైంది. అయిందా?”

“ఆనాడు నేనెందుకు రాలేదో అడిగినవా, ముత్తన్నా?”

“అడుగుడేంది, ఊరంతకు ఎర్కనే. నీ కొడుకు విష్ణు నిజామాబాద్ల కరెంటు దుక్నంల పని జేస్తడు. ప్లాంటొస్తె మోటర్లకు ఇరవై నాలుగ్గంటలు కరెంటు, సదువుకున్న పోరగాండ్లకు నౌకర్లు అని ఫోన్ల ఊరి గ్రూపుల వెట్టిండు. మా పోరగాండ్లు తిట్టిండ్రు, వాడు తిరిగి తిట్టిండు. నువ్వు వాని దిక్కున్నవ్.”

“వాడన్నది వాని మాట. ఆ ముచ్చట మీద వాడు నేను పండుగ నాడు గూడ మాట్లాడుకోలె. గోదారి నీళ్ళు ఆ ప్లాంటు కొలిమికి తాపితె నా చెరుకుకు ఏం తాపాలెరా అన్న. నిజామాబాద్ల పసుపు కొనేటోడు మీ ఊరు ప్లాంటుకు ఎంత దూరమని అడిగితె మీ మామలు ఏం జెప్పాలెరా అన్న. నీకు తెల్వదమ్మా అని బండెక్కి పోయిండు.”

“అంటె... నువ్వు గూడ వద్దనేదానివేనా?”

“నీకంటె ముందుగాల్నే వద్దన్నదాన్ని.”

“మరి టెంటుకెందుకు రాలె?”

“మా మామ ఆశన్న కాలువ తవ్వే నాడు గిసొంటి టెంటుకే పోయిండు. హాజరు అంటె ఏలేసిండు. ఇంటికొచ్చి బువ్వ తినేటాల్లకు ఎకరం భూమి కాలువల ఉన్నది. సచ్చేదాంక ఆ ఏలు సూసుకోని ఏడ్సిండు. ఈ ముచ్చట నీకు జెప్పిన.”

“నాకెప్పుడు జెప్పినవ్?”

“ఆనాడు పొద్దుగాల. నువ్వు ట్రాక్టర్ ఎక్కుతున్నవ్. టెంటుల ఏలెయ్యకుండ్రి తమ్మీ, ఎయ్యాల్సొస్తె ముందుగాల సదివిపిచ్చుకోండ్రి అన్న.”

“ఆ లొల్లిల నాకినవడలె.”

“ఇనవడ్డది. ఆడోళ్ళకేం తెల్సు అని ఆత్మారాం దిక్కు సూసి నవ్వినవ్.”

“అన్ననేమో. యాదికి లేదు.”

“నాకున్నది.”

“సరె, అన్న. ఇప్పుడేం జేయిమంటవ్? నువ్వు గూడ వద్దనేదానివే, మేము వద్దనేటోళ్ళమే. ఇంక కొట్లాట దేనికి? ఏలెయ్యి, అయిపోతది.”

“ఏడు వారాలు ఎట్లున్ననో తెల్సా?”

“తెల్సు.”

“ఏం తెల్సు? కిరాణం దుక్నపోడు శక్కర ఇయ్యలె. నేను పాలు పోస్తె పాల కేంద్రంల తీస్కోలె. పక్కింటి గంగమణి మా గిన్నె తెచ్చి గోడ మీద వెట్టి, మూతి తిప్పుకోని పోయింది. తొమ్మిది దినాలు జరమొచ్చి మంచంల వడ్డ. నీ పెండ్లాం సుకన్య గోడ మీదికెల్లి సూసింది. సూసి లోపటికి పోయింది.”

“అది భయపడ్డది అక్కా. పెసిడెంటు పెండ్లామే మాట్లాడితె ఊరోళ్ళు ఊకుంటరా?”

“నాకు నీళ్ళియ్యనీకె గూడ భయమేనా?”

“ఆ ముచ్చట ఇడిసిపెట్టే అక్కా. ముందుగాల ఏలెయ్యి.”

“చెరుకు కొట్టనీకె నాందేడ్ దిక్కు కెల్లి వచ్చిన గ్యాంగు నా మడి దాంక వచ్చింది. వాళ్ళ గ్యాంగు పెద్ద ముకద్దం వద్దమ్మా, నకో మావ్‌శీ అని దండం వెట్టి తిరిగిపోయిండు. పరాయి రాష్ట్రం మనిషికి గూడ నా పేరు ఎట్ల తెల్సింది?”

“కమిటీ జెప్పింది.”

“కమిటీ అంటె?”

“నేనే జెప్పిన. నీ చేన్ల కత్తి వెడితె ఊర్ల ఎవ్వల చేన్ల పనుండదని జెప్పిన. సాలునా?”

“మూడెకరాలు నిలువున ఎండవట్టె. దినాం పోయి సూసుకోని ఏడ్సుడే.”

“రేపే గ్యాంగును పంపిస్త. నేనే దగ్గరుండి కొట్టిపిస్త. పొద్దు మీకేటాల్లకు డప్పు కొట్టిచ్చి వెలి తీసేస్తమని సాటిపిస్త.”

“గంతేనా?”

“ఇంకేం గావాలె?”

“తప్పు ఎవలదో సాటిపియ్యవా?”

“ఊరి ముందట నా ఇజ్జత్ తీస్తవా అక్కా?”

“నాది తీసినప్పుడు ఊరు లేకుండెనా?”

“సరె. పంచాతు కాడ మైకుల జెప్త. మా అక్క జెప్పిందే నిజం, మేమే తప్పు జేసినమని జెప్త.”

“మేము గాదు. నేను అను.”

“నేను తప్పు జేసిన.”

“మల్లొక్కసారి అను.”

“నేను తప్పు జేసిన అక్కా. నీ కాల్మొక్త. ఈ కాయితం లేకపోతె ఊరే ఉండది. ఇండ్లు, మడ్లు, మన అవ్వను బాపును వెట్టిన జాగ, అన్ని ఆ ప్లాంటు కింద వోతయి. ఇంత పట్టుదల మంచిది గాదు.”

“ఈ మాట మూడు దినాల కింద ఎందుకనలె నువ్వు?”

“మూడు దినాల కెల్లి నేను వకీల్ సాబ్ కాడనే ఉంటి. నిన్న మాపటికి ఊర్లెకొచ్చిన. మూడు దినాలల్ల ఏమైంది?”

“నా చేను దిక్కు పోయినవా?”

“లేదు. ఏమైంది చేన్ల?”

“చెరుకు లేదు. మొత్తం కొట్టుడైంది.”

“ఎవడు కొట్టిండు? గ్యాంగుకు నేను... ఎవడు కొట్టిండే?”

“వేరే గ్యాంగు. ముప్పై మంది, మూడు లారీలు. కాలువ కట్ట మీదికెల్లి వచ్చిండ్రు. రెండు దినాలల్ల కొట్టి, ఫ్యాక్టరికి తోలి, రసీదు తెచ్చి నా చేతుల వెట్టిండ్రు.”

“మూడు లారీలొస్తె ఊర్ల ఎవ్వలు సూడలేదా? నాకు ఒక్కడన్న జెప్పడా?”

“అందరు సూసిండ్రు. హన్మవ్వ ముచ్చట దీస్తె జుర్మానా గదా. ఎవలు జెప్తరు నీకు?”

“ఎవలు పంపిండ్రు ఆ లారీలు?”

“ప్లాంటుకు భూముల కోసం తిరిగే సార్లు. జరమొచ్చినప్పటి కెల్లి వస్తున్నరు. మొదటి నాడు మంచం కాడ కూసుండి, ఏం తిన్నవవ్వా అని అడిగిండ్రు. గోలీలు తెచ్చిండ్రు. విష్ణుకు ఫోను గలిపిచ్చిండ్రు.”

“ఊకెనే జేసిండ్రా గియన్ని?”

“ఊకెనే ఎవలు జేస్తరు?”

“అక్కా... ఏం రాసిచ్చినవ్?”

“ప్లాంటు నాకు నిన్న వద్దు, ఇయ్యాల గూడ వద్దు. అది వాళ్ళకు గూడ జెప్పిన.”

“అది గాదు నేనడిగేది. ఏం రాసిచ్చినవే?”

“మూడెకరాలు. మీ నాలుగొందలు ఉత్త హాజరే తమ్మీ. మొదలు కెల్లి ఆఖరి దాంక సదివిపిచ్చుకోని, తెలిసి ఏసిన ఏలుముద్ర ఈ ఊర్ల నాదొక్కటే.”