ఏ ఫోన్లో తెరుచుకోవాలి

తుఫాను తీరం దాటేలోపు ఆశ్రయ కేంద్రాల మ్యాపు ఇంటర్నెట్లో పెట్టాలి. నాయుడుపేట ఆఫీసులో మ్యాపు చేసే ఇద్దరే మిగిలారు, ఒకతనూ అతనితో పనిచేసే అమ్మాయీ.

"అన్నా, మ్యాపు చూపించడానికి ఈ మ్యాప్‌లిబ్రే సాఫ్ట్‌వేర్ వద్దు. తేలికగా ఉండే లీఫ్‌లెట్‌తో చేద్దాం."

"ఇంత కష్టపడి చేసినాక వద్దంటావేంది? దీంట్లో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో కూడా కనిపిస్తుంది."

"మన ఫోన్లలో కనిపిస్తుంది. మా అమ్మ పాత ఫోన్లో తెరిస్తే అంతా తెల్లగా ఉంది."

"పాత ఫోన్లు ఇప్పుడెవరు వాడతారమ్మా?"

"దొరవారిసత్రం పక్క ఊళ్లలో చాలామంది. వదినా పిల్లలూ అక్కడే ఉన్నారన్నావే, వదిన దగ్గర ఏ ఫోనుంది?"

అతను కుర్చీ ఆమె కంప్యూటరు దగ్గరికి లాక్కున్నాడు.

"నేను వాడి పక్కన పడేసిన పాత ఫోనే. లీఫ్‌లెట్‌కి మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇద్దరం కూర్చుంటే గంట."

మార్చడం అయ్యాక అతనే ఇంటికి, భార్యకు ఫోను చేసినాడు.

"లింకు తెరువు. మ్యాపు వచ్చిందా? బడి మీద ఎర్ర గుర్తు కనిపిస్తుందా? అయితే వీధిలో అందరికీ పంపించి, పిల్లల్ని తీసుకొని ఆ బడికి బయల్దేరు."