ఒక భుజానికే

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆగస్టు అది. హవల్లీలో యజమానులు పారిపోయిన ఇంట్లో, ఊరికి పోదామని కడప పనిమనుషులిద్దరు మూట సర్దుతున్నారు. చిన్నామె ఆ ఇంటిది. పెద్దామె పక్కింటినుంచి పొద్దున్నే వచ్చింది. చిన్నామె తాను 'మామా' అని పిలిచే యజమానురాలి ఎర్ర తోలుబ్యాగు వీపున వేసుకుని, పట్టీలు రెండు భుజాలకూ తగిలించి అద్దంలో చూసుకుంది.

"బాగుండాది కదక్కా? చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి."

"తీసెయ్ మే. ఆ బంగారు బకిల్సు మీదే పడతాయి సోల్జర్ల కండ్లు."

పెద్దామె కూరగాయల కత్తితో బకిల్సు కోసి పారేసి, తోలంతా బరబరా గీకింది.

"అయ్యో, మామా చూస్తే చంపుతాది!"

"చంపేవాళ్లు వీధి చివర తుపాకులు పట్టుకోని నిలబడుండారు. ఇంక తగిలించుకో. ఒక భుజానికే."

"బరువంతా ఒకపక్కకే లాగుతాదక్కా."

"లాగనీ. మొన్న ఒకామె నీ మాదిరే రెండు భుజాలకూ వేసుకోని పోయింది. సోల్జరు బ్యాగు పట్టి గుంజినాడు. బ్యాగు ఊడలా. బ్యాగుతో పాటు మనిషిని జీపుదాకా రోడ్డుమీద ఈడ్చినాడు. మోకాళ్ల తోలు లేచిపోయింది. అరిస్తే తుపాకి మడమతో వీపుమీద కుమ్మినాడు."

"తర్వాత?"

"తర్వాతది అడగొద్దు. వాడు గుంజితే వదిలెయ్, అంతే."

"ఇదంతా నీకెవురు చెప్పినారక్కా?"

పెద్దామె తన సంచి ఎత్తుకోబోయి "అమ్మా" అని మూలిగింది. చిన్నామె ఆమె పైటా రవికా పక్కకు జరిపి చూసింది. రెండు భుజాలమీదా పట్టీల వెడల్పున కమిలిన నల్లటి వాతలు.

చిన్నామె బ్యాగు ఒక భుజాన వేసుకుంది. రెండో భుజాన పెద్దామె సంచి తగిలించుకుంది.

"పదక్కా. ఎవుడు ఏది గుంజినా వదిలేస్తా. నీ చెయ్యి మాత్రం వదల్ను."